ముంగిస కుందన, నీళ్ల వంతులు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో జంతువుల చేతుల్లో ఫోన్లు కూడా ఉండేవి, పిల్లలూ. ఏ చెట్టున పండ్లు మాగాయో, ఏ వాగులో నీళ్లున్నాయో వాటిలోనే చూసుకునేవి. ఆ ఫోన్లకు ప్రోగ్రాములు రాసేది కుందన అనే ముంగిస. దానితోపాటు చతురయ్య అనే నక్క కూడా అదే పని చేసేవాడు. వాళ్లిద్దరికీ పెద్ద, దొడ్డమ్మ అనే ఏనుగు.

ఒకరోజు దొడ్డమ్మ ఓ కొత్త యంత్రాన్ని తెచ్చింది. ఏం కావాలో చెబితే చాలు, అదే ప్రోగ్రాం రాసేస్తుంది. మొదటిరోజు, కుందనకు వారం పట్టే పనిని అది చిటికెలో ముగించింది. రెండోరోజు, కుందన పదిరోజులుగా వెతుకుతున్న తప్పును పట్టేసింది. మూడోరోజు, కుందన తప్ప ఇంకెవరూ రాయలేరని అందరూ అనుకునే ప్రోగ్రాం రాసి పెట్టింది.

కుందన గుండెలో రాయి పడింది. ఇక తనతో ఎవరికి పని? తిండి సయించలేదు. దుంపలు తవ్వుకుని బతకాలేమో అనుకుంది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. అడవి మొత్తానికి ఒక్క మడుగే మిగిలింది. నీళ్లు తాగడానికి అందరికీ వంతులు వేయమంది దొడ్డమ్మ. యంత్రం వెంటనే వేసింది. ఓసారి చూడమని దొడ్డమ్మ దాన్ని కుందనకు ఇచ్చింది.

ఎంత వెతికినా తప్పు దొరకలేదు. జింకలకు పొద్దున, చిరుతకు సాయంత్రం. కానీ కుందన మనసు ఒప్పుకోలేదు. నిన్ననే మడుగు గట్టున తీతువుపిట్టతో కబుర్లాడింది. చిరుత పిల్లల్ని పెట్టి, పక్కనే ఉన్న రెల్లుపొదల్లోకి కాపురం మార్చిందట. ఆ సంగతి ఏ ఫోన్లోనూ లేదు. జింకలు పొద్దున్నే వెళితే నేరుగా దాని నోట్లోకే.

కుందన ఆ మాట చతురయ్యకు చెప్పింది. అతను దగ్గరికి జరిగాడు.

"నోరు మెదపకు, కుందనా. రేపు ఒక్క జింక పోతే చాలు, దొడ్డమ్మే ఈ యంత్రాన్ని గెంటేస్తుంది. మన ఉద్యోగాలు మనకుంటాయి."

నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం కుందనకు అదే బాగుందనిపించింది. అంతలో మొన్ననే పుట్టి, కాళ్లింకా తడబడుతున్న జింకపిల్ల గుర్తొచ్చింది. రేపు దాని తల్లి ఎదురుపడితే ఏ మొహంతో పలకరించాలి?

పరుగున వెళ్లి దొడ్డమ్మకు అంతా చెప్పింది. దొడ్డమ్మ యంత్రాన్ని అడిగింది.

"ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఇప్పుడే మారుస్తాను," అంది యంత్రం.

"కాస్త ఆగు. ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో కనుక్కొస్తాను," అంది కుందన.

ఆ రోజంతా అడవి చుట్టేసింది. ముసలి తాబేలుకు మడుగు దాకా నడవడానికే ఒక పూట పడుతుందట. అడవిపందులు దిగితే నీళ్లు బురదవుతాయి కాబట్టి వాటిది చివరి వంతు కావాలట. మిట్టమధ్యాహ్నం చిరుత పిల్లలతో గాఢంగా నిద్రపోతుందట. కుందన ఒక్కొక్కటే చెబుతుంటే యంత్రం ఒక్కొక్కటే రాసింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం జింకలు అవతలి గట్టున కడుపారా నీళ్లు తాగాయి. జింకపిల్ల ముక్కు ముంచి తుమ్మింది. చూస్తున్నవాళ్లంతా పకపకా నవ్వారు.

"రాయడానికి యంత్రం ఉంది," అంది దొడ్డమ్మ. "ఎవరికేం కావాలో తిరిగి, అడిగి, తెలుసుకునేదానివి నువ్వు. నాకు ఇద్దరూ కావాలి."

కుందన తోక కుచ్చులా విచ్చుకుంది. ఏళ్లుగా తీరిక లేక ఆగిన పనులెన్నో ఇక మొదలుపెట్టొచ్చు.

చతురయ్య తల దించుకుని వచ్చాడు. కుందన అతన్ని ఒక్క మాటా అనలేదు. కొండవాలున కుందేళ్లకు ఏదో ఇబ్బందట, వెళ్లి అడిగి రమ్మంది.

"ముందు ఏ బొరియకు వెళ్లమంటావు?" అన్నాడు చతురయ్య, అప్పుడే బయల్దేరుతూ.

నీతి: భయపడి దాచుకున్న తెలివి ఎవరికీ అక్కరకు రాదు. నలుగురి మేలు కోరేవారికి పని ఎన్నడూ కరువు కాదు.