పూసి ఎండిన చీనీతోట

అనగనగా ఒక ఊళ్ళో తిరుపాలని ఒక రైతు, వాడి పెళ్ళాం సుంకులమ్మ. కాళ్ళు ఆడించకుండా పడుకుని ఊ కొట్టమ్మా, ఇది నవ్వే కథ కాదు.

వాళ్ళకు ఒక చీనీతోట ఉండేది. చీనీ అంటే మీ పట్నంలో బత్తాయి. ఒకే ఒక బోరు, చెట్టు చెట్టుకూ డ్రిప్పు పైపు. బొట్టు బొట్టుగా పడే ఆ నీళ్ళతోనే ఎనిమిదేళ్ళు తోటను పెంచారు. వాళ్ళ కూడూ గుడ్డా అదే.

చీనీచెట్టుకు ఒక మర్మం ఉంది. కొన్నాళ్ళు నీళ్ళు ఆపి, ఆ తర్వాత పెడితే చెట్టంతా ఒక్కసారే పూస్తుంది. దాన్నే వాడబెట్టడం అంటారు. అందరూ చేసేదే. తిరుపాలు కూడా మోటారు ఆపాడు.

వారానికి ఆకు వాలింది. "చాలు, నీళ్ళు వదులయ్యా" అంది సుంకులమ్మ. "ఉండుమే" అన్నాడు.

రెండో వారానికి ఆకు ముడుచుకుంది. మళ్ళీ అడిగింది. "తొందరేముంది? మన బోర్లో మన నీళ్ళు భద్రంగా ఉంటాయి" అన్నాడు.

మూడో వారానికి ఆకు రాలింది. అప్పుడామె కాళ్ళావేళ్ళా పడింది. "ఇంకో నాలుగు రోజులుమే, పూత విరగబూస్తుంది చూడు" అన్నాడు. మొండిఘటం!

భూమి లోపల గోడలుంటాయా తల్లీ? వీడు మోటారు ఆపితే పక్క తోటల మోటార్లు ఆగుతాయా? వాళ్ళు తోడుకుంటూనే ఉన్నారు. వాళ్ళననేదేముంది, వాళ్ళ చెట్లకూ దాహమే.

ఆ తర్వాత టెంకాయ కొట్టి మోటారు వేశాడు. పైపుల్లో గాలి బుసకొట్టింది. చుక్క నీరు లేదు. మర్నాడూ లేదు. ఆ మర్నాడూ లేదు.

అప్పుడొక వాన పడింది. ఒక్కటే వాన! దానికే తోటంతా తెల్లగా పూసేసింది, ఎన్నడూ లేనంత పూత. దారిన పోయేవాళ్ళు "తిరుపాలు దశ తిరిగింది" అన్నారు.

సుంకులమ్మ మాత్రం నెత్తిన చేతులు పెట్టుకుంది. "పూత దూసేద్దామయ్యా. ఈ తడితో చెట్లు కాయను మొయ్యలేవు. పూత పోతే పోనీ, చెట్లైనా మిగుల్తాయి" అంది.

తిరుపాలు ఒక కొమ్మ పట్టుకున్నాడు, వదిలేశాడు. ఆ పూత కోసమే కదా ఇంత చేసింది! చేతులు రాలేదు. ఆమె దూయబోతే ఆమె చెయ్యి కూడా పట్టుకుని ఆపేశాడు.

పూత పిందె అయింది. పిందె గోళీకాయంత అయింది. మళ్ళీ వాన లేదు. పిందెలు కొమ్మలకే నల్లబడ్డాయి, ఆ తర్వాత కొమ్మలే ఎండాయి. ఒక్క చెట్టూ దక్కలేదమ్మా.

నరికే రోజున తిరుపాలు గొడ్డలి ఎత్తలేక కూలబడ్డాడు. "నీ మాట వినకపోతినే, తప్పైపోయిందే" అని పెళ్ళాం ముందు ఏడ్చాడు.

"నాకెందుకు చెప్తావు? ఆ చెట్టుకు చెప్పుకో" అంది సుంకులమ్మ.

తిరుపాలు లేచి చెట్టు మొదలు మీద చెయ్యి వేశాడు. ఆ తర్వాత గొడ్డలి ఎత్తాడు.

ఏడుస్తున్నావా? ఏడువు, తప్పులేదు. నాకూ ఏడుపొస్తోంది.

కథ పోయె కంచికి,
కట్టె పోయె పొయ్యికి,
కన్నీళ్ళు పోయె దిండుకి,
నువ్వు పోమ్మా నిద్దరకి.