సుభాషిణి లేపి నిలబెట్టే మెషీన్

పదకొండు ఆసుపత్రుల్లో డయాలసిస్ రోగుల వంతులు చూపించే మెషీన్ సుభాషిణి చేతిలో ఉండేది. అది ముట్టుకునే వస్తువు కాదు. ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లలో కొంత భాగం తీసుకుని తయారుచేసిన వర్చువల్ మెషీన్. ఆరేళ్ళుగా దానికి ఏ జబ్బు చేసినా ఆమే వైద్యం.

ఆ నెలలో ఆమెకు టైఫాయిడ్ వచ్చింది. ఆసుపత్రి మంచం మీద ఉండగా మెషీన్ ఆగిపోయింది. నాలుగు గంటలపాటు ఎవరి వంతు ఎప్పుడో నర్సులకు తెలియలేదు. దూరాల నుంచి వచ్చినవాళ్ళు వరండాల్లో కూర్చుండిపోయారు. చివరికి సుభాషిణి సెలైన్ పెట్టిన చేత్తోనే లాప్‌టాప్ తెరిచి దాన్ని లేపింది. ఆ మెషీన్ నడిపే కాకినాడ ఆఫీసంతా ఆమెను మెచ్చుకుంది.

జ్వరం తగ్గి వచ్చాక ఆఫీసులో పెద్దాయన ఏసుపాదం గారి దగ్గర కూర్చుంది. ఆయన ఒకప్పుడు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పారు. అందుకే ఆఫీసులో అందరికీ మాస్టారే.

"నేను లేకపోతే అది నడవదు మాస్టారూ," అంది. అలసటగానే అంది గానీ, అందులో కాస్త అతిశయం ఉంది.

"కొత్త మెషీన్ తయారవడానికి కావాల్సిన ఆదేశాలన్నీ వరసగా స్క్రిప్టు రాశావు కదమ్మా?"

"రాశాను. ఒక్క కమాండ్ కొడితే చాలు, దానంతటదే లేస్తుంది."

మాస్టారు తలూపి, ఫోన్ల గదిలోంచి నాగరత్నం గారిని పిలిపించారు. ఆసుపత్రుల నుంచి వచ్చే ఫోన్లకు జవాబు చెప్పే మనిషి. యాభై ఏళ్ళుంటాయి.

"రత్నం గారూ, ప్రాక్టీసుకి ఓ మెషీన్ తయారుచేద్దాం. మీరే చెయ్యాలి." తర్వాత సుభాషిణి వైపు తిరిగారు. "నువ్వు ఇక్కడే ఉండు. మాట్లాడకు."

రత్నం గారు కళ్ళజోడు సర్దుకుని, సుభాషిణి రాసిచ్చిన కాగితంలో ఉన్న కమాండ్ అక్షరం అక్షరం కొట్టారు. తెర మీద వరసలు పరిగెత్తాయి. మధ్యలో ఆగిపోయాయి.

"ఏదో ప్యాకేజీ దొరకలేదంటోంది. అదెక్కడుంటుంది?"

సుభాషిణి నోరు తెరవబోయింది. మాస్టారు చూశారు. మూసుకుంది.

"నాకూ తెలీదు రత్నం గారూ," అన్నారాయన.

ముగ్గురూ అలాగే కూర్చున్నారు. పది నిమిషాలు. తర్వాత మాస్టారు లేచి, "ఇవాళ్టికి చాలు," అన్నారు.

సుభాషిణికి కోపం వచ్చింది. ఒక్క మాట చెప్పనిస్తే అయిపోయేది. వంతుల పట్టికను నడిపే ప్రోగ్రాముల మూట అది, ఆ ప్యాకేజీ తన లాప్‌టాప్‌లో ఉంది. విసురుగా వెళ్ళి ఫోల్డర్ తెరిచింది. ఒకే ప్యాకేజీ, ఏడు పేర్లు. కొత్తది, కొత్తది రెండు, ఫైనల్, అసలైన ఫైనల్... ఆసుపత్రుల్లో ఇప్పుడు నడుస్తున్నది వీటిలో ఏది? చాలాసేపు వెతికింది. ఆమెకే తెలియలేదు.

మర్నాడు కోపం లేదు. కూర్చుని పని మొదలుపెట్టింది. నడుస్తున్న దాన్ని ఒక్కొక్క దానితో పోల్చి, అసలుది పట్టుకుంది. దానికో నంబరిచ్చి, ఏ మెషీనైనా తీసుకోగలిగేలా అందరికీ అందే భండారంలో పెట్టింది. ఒకసారి నంబరు పడ్డాక ఎవరూ, తనైనా సరే, లోపల మార్చడానికి వీల్లేకుండా తాళం వేసింది. స్క్రిప్టులో ఆ నంబరే రాసింది. అందుకు రెండు వారాలు పట్టింది.

మళ్ళీ రత్నం గారు వచ్చి కూర్చున్నారు. ఈసారి మెషీన్ లేచింది. ఆమె వంతుల పట్టిక తెరిచి, కనుబొమలు ముడిచారు.

"పొద్దున ఆరింటి షిఫ్టు రాత్రి పన్నెండున్నరకి చూపిస్తోందేంటమ్మా? ఆ టైముకి ఎవరొస్తారు?"

సుభాషిణికి గుర్తొచ్చింది. ఆరేళ్ళ కిందట పాత మెషీన్ గడియారాన్ని గ్రీనిచ్ టైము నుంచి మన టైముకి మార్చింది తన చేత్తోనే. ఎక్కడా రాయలేదు. నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆ ఒక్క వాక్యం స్క్రిప్టులో చేర్చింది.

"మీరు చూడకపోతే నాకు తట్టేది కాదు రత్నం గారూ."

ఆ ఆదివారం ఏ ఆసుపత్రిలోనూ షిఫ్టు లేదు. మాస్టారు ఇద్దర్నీ రమ్మన్నారు. రోగుల వివరాలు వేరే చోట భద్రంగా ఉన్నాయో లేదో సుభాషిణి చేత రెండుసార్లు సరిచూయించారు. ఆ తర్వాత ఆమె ఆరేళ్ళు సాకిన పాత మెషీన్ పేరు మీద వేలుంచి అడిగారు.

"తీసెయ్యనా?"

సుభాషిణి ఆ పేరును చివరిసారి చదివింది. దాని ప్రతి నలత ఆమెకు తెలుసు. తలూపింది.

మాస్టారు నొక్కారు. ఆ పేరు తెర మీంచి పోయింది.

రత్నం గారు కమాండ్ కొట్టారు. ఎనిమిది నిమిషాలు తెర మీద వరసలు పరిగెత్తాయి. పట్టిక తెరుచుకుంది. సోమవారం, పొద్దున ఆరు గంటలు. మొదటి పేరు తునిలో ఒక ముసలాయనది. తర్వాత వరసగా అందరూ ఉన్నారు.

"అందరూ వచ్చేశారు," అన్నారు రత్నం గారు. టీ తెస్తానని లేచి వెళ్ళారు.

సుభాషిణి తెర వైపే చూస్తూ ఉండిపోయింది. గుండెల్లో ఏదో ఖాళీ. ఏదో తేలిక కూడా.

"మాస్టారూ, ఇంక నేను చెయ్యాల్సిందేముంది?"

మాస్టారు తన పక్కనున్న కుర్చీ మీది పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టారు. కుర్చీని దగ్గరకు లాగారు.

"ఇప్పటికి తీరిక దొరికిందా అమ్మా? రా, పాఠం మొదలుపెడదాం."