బోర్లించిన తట్ట

అనగనగా కొండల్లోంచి దిగివచ్చే ఒక గెడ్డ. గెడ్డ అంటే చిన్న ఏరు. ఆ గెడ్డ నుంచి ఒక కాలువ, ఆ కాలువ చివర వెదుళ్లవలస అనే ఊరు. కాలువ పారిన ఏడు ఆ ఊరు కడుపునిండా తినేది. పారని ఏడు పస్తులుండేది.

ఏటేటా వానలకు ముందు ఊరంతా కాలువలోకి దిగి పూడిక తీసేవారు. మగవాళ్లు పారలతో ఒండ్రు తవ్వేవారు. ఆడవాళ్లు ఆ ఒండ్రును తట్టలకెత్తుకుని, గట్టెక్కి, అవతల పల్లంలో పోసి వచ్చేవారు. పని ముగిసిన నాటి సాయంత్రం పారలన్నీ గట్టు మీద వరసగా గుచ్చేవారు. ఊరిపెద్ద జగ్గునాయుడు ఆ వరస వెంట మీసం దువ్వుకుంటూ నడిచి, ఒక్కో పారకు ఒక్కో నీటి వంతు చెప్పేవాడు. తట్టల ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు.

ఆ ఊళ్లో గవరమ్మ అని ఒకామె ఉండేది. పన్నెండేళ్లుగా ఆ కాలువలో తట్ట మోసింది. నిరుడు ఆమె భర్త అప్పన్న జ్వరం వచ్చి చనిపోయాడు. ఇక మిగిలింది ఒక కూతురు, ఒక మడిచెక్క. మడికి నీటి వంతు రాకపోతే నారు ఎండిపోతుంది. నారు ఎండితే కూతురికి గంజి కూడా ఉండదు.

పూడిక పని మొదలైన రోజు గవరమ్మ జగ్గునాయుడి దగ్గరికి వెళ్లి, తనకూ వంతు కావాలని అడిగింది. పార లేని ఇంటికి వంతు లేదని ఆయన తేల్చేశాడు. పార ఇంట్లోనే ఉంది, నేనే పట్టుకొస్తానంది గవరమ్మ.

"ఆడది కాలువలో పార వేస్తే గంగమ్మ అలుగుతుంది," అన్నాడు జగ్గునాయుడు.

"గంగమ్మ ఆడది కాదేటి బాబూ? ఆడది పార పడితే ఆడది ఎందుకు అలుగుతాది?"

జవాబు దొరకని పెద్దమనుషులు ఏం చేస్తారో మీకు తెలుసు కదా, పిల్లలూ. కోప్పడతారు. ఆయనా కోప్పడ్డాడు. మడిచెక్క మరిదికి అప్పగించి, వాళ్లింట్లో ఇంత తిని పడి ఉండమన్నాడు.

గవరమ్మకు ఒళ్లు మండిపోయింది. నేరుగా కాలువలోకి దిగింది. నెత్తి మీది తట్ట దించి, నడి కాలువలో బోర్లించి, దాని మీద కూర్చుంది.

"వంతు నాకు లేనప్పుడు మోత మాత్రం నాకెందుకు?" అంది.

ఆడవాళ్లు బిత్తరపోయారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎన్నాళ్లుగా ఎవరి కడుపులో ఏం దాగి ఉందో ఏమో, మధ్యాహ్నానికల్లా తట్టలన్నీ బోర్లాపడ్డాయి. ఒక్క జగ్గునాయుడి భార్య దాలమ్మ మాత్రం తల వంచుకుని మోస్తూనే ఉంది.

మగవాళ్లు నవ్వారు. తట్టలెందుకు, పారతోనే గట్టు మీదికి విసురుదామన్నారు. పొద్దుగూకేదాకా విసిరారు. తెల్లారేసరికి ఆ ఒండ్రంతా జారి మళ్లీ కాలువలోకే వచ్చింది.

రెండో రోజు తామే మోస్తామన్నారు. సగం మంది మోస్తే తవ్వేవాళ్లు సగమే మిగిలారు. తట్ట కింద నెత్తిన గుడ్డ చుట్టకుదురు ఎలా పెట్టుకోవాలో కూడా ఎవరికీ తెలియలేదు. సాయంత్రానికి మెడలు పట్టేశాయి, కాలువ పని మాత్రం మూరెడే కదిలింది.

మూడో రోజు పొరుగూరి ఆడవాళ్లను పిలిపించారు. వాళ్లు తట్టలతో వచ్చారు. పని ఎందుకు ఆగిందని గవరమ్మను అడిగారు. విన్నారు. విని, తమ తట్టలు కూడా బోర్లించేశారు. పైగా తమ ఊళ్లోనూ ఇదే తంతు అని పొద్దు వాలేదాకా చెప్పుకుని మరీ వెళ్లారు.

ఇంతలో కొండ మీద మబ్బు పట్టింది. నాలుగు రోజుల్లో గెడ్డ పొంగుతుంది. కాలువ పూడి ఉంటే ఆ నీరంతా అడవి పాలే. ఆ సాయంత్రం జగ్గునాయుడు గవరమ్మను తన వాకిట్లోకి పిలిచాడు. గొంతు తగ్గించి, నీ ఒక్కదానికే వంతు ఇస్తాను, ఈ సంగతి ఎవరికీ చెప్పకు, రేపు తట్ట ఎత్తు అన్నాడు.

గవరమ్మకు తన మడి గుర్తొచ్చింది. నారు అప్పటికే పసుపు తిరుగుతోంది. ఊ అంటే చాలు, కూతురి కంచంలో ఏడాది పొడుగునా అన్నం ఉంటుంది. ఆమెకు ఏడుపొచ్చింది. కానీ తనతో పాటు మూడు రోజులుగా ఎండలో కూర్చున్నవాళ్లను తలుచుకుంటే ఆ మాట నోట రాలేదు.

"మీరు ఇచ్చేదేటి బాబూ, మేము మోసినదే కదా. మా అందరి తట్టలూ గట్టు మీద పారల పక్కన పెట్టాలి. వంతులు పంచినప్పుడు మేమూ కూకోవాలి. అలగైతేనే ఎత్తుతాం," అని చెప్పి వచ్చేసింది.

అరుగు మీద బియ్యం చెరుగుతున్న దాలమ్మ ఇదంతా వింది. మర్నాడు అందరికంటే ముందు కాలువకు వచ్చింది ఆమే. తట్ట బోర్లించి గవరమ్మ పక్కన కూర్చుంది. మొగుడి వైపు చూడను కూడా చూడలేదు.

జగ్గునాయుడు కాలువలోకి దిగాడు. ఒండ్రు నిండిన పార ఎత్తి పట్టుకుని అటూ ఇటూ చూశాడు. పోయడానికి ఒక్క తట్టా లేదు. చివరికి పార కింద పెట్టాడు. సరే, తట్టకూ వంతు ఉంటుందన్నాడు.

ఆడవాళ్లు లేచారు. మూడు రోజుల్లో కాలువ పూడికంతా తీసేశారు. చివరి సాయంత్రం గట్టు మీద పారలు ఒక వరస, తట్టలు ఒక వరస. వాటి వెనుక మగవాళ్లూ ఆడవాళ్లూ కూర్చున్నారు. జగ్గునాయుడు ఒక్కొక్క ఇంటి మగవాడి పేరూ చెబుతూ గవరమ్మ తట్ట దగ్గరికి వచ్చాడు. కాస్త తటపటాయించి, "అప్పన్న ఇల్లు, ఒక వంతు," అన్నాడు.

గవరమ్మ లేచి నిలబడింది. "అప్పన్న లేడు బాబూ. ఈ తట్ట మోసింది గవరమ్మ. ఆ పేరు చెప్పండి."

అంతకుముందు ఆ గట్టు మీద ఆడదాని పేరు ఎవరూ పలికి ఎరగరు. జగ్గునాయుడు గొంతు సవరించుకున్నాడు.

"గవరమ్మ. ఒక వంతు."

అందుకే పిల్లలూ, బరువు మోసినవారికి పంపకంలో చోటుండాలి. ఇవ్వకపోతే, తలెత్తి అడిగి తీసుకోవాలి.