గుడారం కొలిచిన గవరయ్య

ఒకానొక రాజ్యంలో సింహాసనం మీద రాజుండేవాడు గానీ, శిస్తు మాత్రం సముద్రం అవతలి నుంచి వచ్చిన దొరలు వసూలు చేసుకునేవారు. వాళ్ళలో పెంబర్టన్ దొర పని ఊరూరా గుడారం వేసుకుని భూములు కొలవడం. ఆయన ఇనుపగొలుసు ఎంత చెబితే అంత భూమి, అంత శిస్తు.

ఆ గొలుసు ఒకనాడు గవరయ్య గుట్ట ఎక్కింది. గుట్టకు రెండు వాలుల్లోనూ ఉలవలు చల్లుకుని బతికే రైతు గవరయ్య. బంట్రోతులు గొలుసును నేలకు ఆనించి, ఇటు నుంచి పైకి ఈడ్చి, అటు కిందికి దించారు. తాతలనాటి అయిదెకరాల చేను కాస్తా ఆరెకరాలై కూర్చుంది!

"ఆ ఆరో ఎకరం ఎక్కడుంది దొరబాబూ? ఈ శిస్తు నా వల్ల కాదు, సేను వదులుకోవడమే!" అని మొత్తుకున్నాడు గవరయ్య.

"గొలుసు అబద్ధం చెప్పదు. చదువులేనివాడివి, నీకేం తెలుసు?" అన్నాడు దొర.

గవరయ్యకు ఒళ్ళు మండింది. అయినా చేతులు కట్టుకుని, "అయితే ఆ కొలత ఇద్దేదో నాకూ నేర్పండి బాబూ. మొదట మీ గుడారమే కొలుస్తాను" అన్నాడు.

దొర మురిసిపోయి గొలుసిప్పించి, లోపలికెళ్ళి టీ తాగుతూ కూర్చున్నాడు.

గవరయ్య ఒక కొస బంట్రోతు చేతికిచ్చి, రెండో కొస నడుముకు కట్టుకుని గుడారం మీదికి పాకాడు. గుంజ కిర్రుమంది. గుడ్డ చిరిగి గవరయ్య మోకాలు లోపలికి దిగింది. దొర టోపీ ఒక మూలకు, టీ ఆయన ఒళ్ళోకి పోయాయి. గవరయ్య తాపీగా అవతలికి జారి, "ముప్ఫై అడుగుల నేల బాబూ!" అని కేకేశాడు.

దొర మొహం కందగడ్డ చేసుకుని బయటికొచ్చాడు. "మూర్ఖుడా! గుడారం మీదికెక్కి దిగితే నేల కొలత వస్తుందా? కింద ఉన్నది ఇరవై అడుగులే!"

"మరి గుట్ట మీదికెక్కి దిగితే వచ్చిందేటి బాబూ?"

దొర గుట్టకేసి చూశాడు. వాలు నేలలో గొలుసును మట్టంగా ఎత్తిపట్టి కొలవాలన్నది ఆయన చదువులో మొదటి పాఠం. బంట్రోతులు నేల చూపులు చూశారు. దొర తడిసిన లాగు దులుపుకుంటూ పగలబడి నవ్వాడు.

మర్నాడు దొర దగ్గరుండి గొలుసును మట్టంగా పట్టించాడు. అయిదెకరాలే తేలింది. గవరయ్య కళ్ళు తుడుచుకున్నాడు. దొర ఆ చిరిగిన గుడారం గుడ్డను అతనికే బహుమానంగా ఇచ్చాడు.

ఏటా గవరయ్య ఉలవలు ఆరేది ఆ గుడ్డ మీదే. దాని పొడవెంతని ఎవరైనా అడిగితే, "ముప్ఫై అడుగులు. నానే కొలిసినాను" అనేవాడు.