డేగను దాటిన బంతి

నల్లవాగు అడవిలో ఏనుగులు, దుప్పులు, కోతులు, అడవిదున్నలు, అలుగులు కలిసిమెలిసి బతికేవి. వాగు నిండుగా పారినన్నాళ్లూ ఎవరికీ ఏ గొడవా లేదు. ఎండలు ముదిరితే మాత్రం వాగు ఎండిపోయేది. అప్పుడు ఆ అడవికీ, పక్కనున్న ఎర్రగుట్ట అడవికీ కలిపి ఒక్క మడుగే మిగిలేది.

మడుగు దగ్గర కొట్టుకు చావకుండా పెద్దలు ఒక పద్ధతి పెట్టారు. ఎండాకాలం మొదట్లో రెండు అడవుల పిల్లలూ బంతాట ఆడాలి. గెలిచిన అడవి తెల్లవారగానే తేట నీళ్లు తాగుతుంది. ఓడిన అడవి మధ్యాహ్నం దాకా ఆగి, మిగిలిన బురద నీళ్లు తాగాలి. కిందటేడు నల్లవాగు ఓడిపోయింది. ఆ బురద నీళ్లు తాగి దుప్పి పిల్లలు జబ్బుపడ్డాయి. వానలు పడేదాకా లేచి నిలబడలేకపోయాయి.

ఆట పెద్ద కష్టమైనదేం కాదు. నార చుట్టిన మారేడుకాయే బంతి. ఒకరు విసరాలి, అవతలి అడవివాడు కర్రతో కొట్టాలి, కొట్టేవాడి వెనక కూర్చున్నవాడు పట్టాలి. కొట్టేవాడి మోకాళ్లకీ ఛాతీకీ మధ్యగా, వాడి ముందు నుంచి పోయేదే మంచి బంతి. అలాంటి బంతులు మూడు కొట్టలేకపోతే వాడు ఔట్. చెడ్డ బంతులు నాలుగు పడితే వాడు కర్ర పారేసి, ఊరికే మొదటి మొద్దు దగ్గరికి నడిచిపోవచ్చు. నాలుగు మొద్దులూ చుట్టి వస్తే ఒక పరుగు.

నల్లవాగు తరఫున బంతి పట్టేవాడు పొలుసయ్య అనే అలుగు. ఒంటినిండా గట్టి పొలుసులున్నాయి కదా, దెబ్బ తగిలినా ఓర్చుకుంటాడని పెద్దలు వాణ్ణి అక్కడ కూర్చోబెట్టారు. కానీ అలుగులకి ఒక అలవాటుంది. భయం వేస్తే చాలు, తల పొట్టలో దూర్చుకుని ఉండలా ముడుచుకుపోతాయి. పొలుసయ్యకీ ఆ అలవాటు తప్పలేదు పాపం.

బంతి విసిరేవాడు ఉరుము అనే ఏనుగు గున్న. ఉరుము బంతి విసిరినప్పుడల్లా పక్కనే ఒక డేగ రెక్కలు ముడుచుకుని దూసుకుపోయేది. బంతి తనకంటే ముందుపోతే "దాటింది! దాటింది!" అని కేక పెట్టేది. ఉరుము రోజూ డేగను దాటేవాడు. అడవంతా వాణ్ణి నెత్తిన పెట్టుకుంది. ఏనుగు గున్నను నెత్తిన పెట్టుకోవడమంటే మాటలా! బంతి పోయి ఎక్కడ పడిందని మాత్రం ఒక్కరూ అడగలేదు.

చిగురు అనే కోతిపిల్ల కూడా విసిరేది. డేగ దాని బంతిని తీరిగ్గా దాటేసి, వెనక్కి తిరిగి చూసి నవ్వేది. కానీ పొలుసయ్య పంజాలు ఎక్కడ పెడితే ఆ బంతి అక్కడికే వచ్చేది.

"చిగురు బంతి నిదానమే గానీ చెప్పిన చోటికి వస్తుందిరా" అని ఒకనాడు పొలుసయ్య ఉరుముతో అన్నాడు.

"చెప్పిన చోటికి నత్త కూడా వస్తుంది" అన్నాడు ఉరుము. అందరూ పగలబడి నవ్వారు. 

పందెం రోజు వచ్చింది. రెండు అడవులూ మైదానం చుట్టూ మూగాయి. దుప్పులు తమ పిల్లలతో సహా పొలుసయ్య వెనక వైపు కూర్చున్నాయి. సాయంత్రానికి నల్లవాగు రెండు పరుగులు ముందుంది. ఎర్రగుట్టకి ఇక కర్ర పట్టే ఆఖరి వంతు మిగిలింది. ముగ్గురు ఔటైతే మడుగు నల్లవాగుదే.

ఉరుము మొదటి ఇద్దరినీ కళ్లు మూసి తెరిచేలోగా ఔట్ చేశాడు. "దాటింది! దాటింది!" అని డేగ గొంతు చించుకుంది. ఆ కేక వినేసరికి ఉరుముకి ఒళ్లు పొంగిపోయింది. అక్కడి నుంచి వాడు పొలుసయ్య పంజాలు చూడటం మానేసి, ఆకాశంలో డేగనే చూడటం మొదలుపెట్టాడు.

ఒక బంతి కొట్టేవాడి నెత్తి మీదుగా పోయింది. ఒకటి కాళ్ల ముందు నేలను తవ్వింది. ఎర్రగుట్టవాళ్లు మహా తెలివైనవాళ్లు. కర్ర కదపకుండా నిలబడ్డారు. ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు ఊరికే నడిచివెళ్లి, వెనకవాడు వచ్చినప్పుడల్లా ముందువాడు ఒక మొద్దు జరుగుతూ, మూడు మొద్దుల దగ్గర నిలబడ్డారు.

"ఒరేయ్ ఉరుమూ! పైకి కాదురా, నా వైపు చూడు!" అని పొలుసయ్య అరిచాడు.

అప్పుడు కర్ర పట్టుకుని గుబురయ్య అనే ఎలుగుబంటి వచ్చాడు. ఎర్రగుట్టలో వాణ్ణి మించి కొట్టేవాడు లేడు. ఉరుము బలమంతా కూడదీసుకుని తొండం ఝాడించాడు. బంతి సరిగ్గా పొలుసయ్య ముఖం మీదికి వచ్చింది. ఏం చేస్తాడు? చటుక్కున ముడుచుకుపోయాడు. బంతి వాడి వీపును రాసుకుంటూ దుప్పి పిల్లల మధ్యకి దూసుకుపోయింది. తల్లులు కెవ్వుమన్నాయి. ఎవరికీ తగల్లేదు గానీ, అది వెతికి తెచ్చేలోగా మూడో మొద్దు దగ్గరున్నవాడు పరుగెత్తి చుట్టు పూర్తి చేశాడు, ఎర్రగుట్టకి ఒక పరుగు వచ్చింది. మిగిలిన ఇద్దరూ చెరొక మొద్దు ముందుకు జరిగారు. ఇక ఒక్క దెబ్బ పడితే ఇద్దరూ లోపలికి వచ్చేస్తారు, మడుగు చేజారుతుంది.

"పిరికి అలుగు! దాన్ని తీసెయ్యండి!" అని సొంత అడవే అరిచింది. పొలుసయ్యకి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా లేచి, జట్టు పెద్ద నందయ్య అనే అడవిదున్న దగ్గరికి నడిచాడు.

"మామా, ఉరుముని ఆపి చిగురుని పిలు."

"అదేం మాటరా? జనం నన్ను బతకనిస్తారా?" అన్నాడు నందయ్య.

ఉరుము వినేశాడు. "నువ్వు ముడుచుకోవడం మానుకో, చాలు!" అని గద్దించాడు.

"ముడుచుకున్న మాట నిజమే మామా" అన్నాడు పొలుసయ్య. "బంతి ఎటొస్తుందో నాకు తెలీదు. విసిరేవాడికీ తెలీదు. ఇప్పుడు ఆ పిల్లలకి తగిలుంటే?"

నందయ్య దుప్పి పిల్లల వైపు చూశాడు. అవి ఇంకా తల్లుల పొట్టల కిందే దాక్కుని ఉన్నాయి. "చిగురూ, రా!" అని పిలిచాడు.

ఉరుముకి తల కొట్టేసినట్టయింది. అవతలికి వెళ్తూ, "చూడండి నా వేగం!" అని అక్కడున్న ఇంకో బంతి ఎత్తి ఖాళీ అడవిలోకి విసిరాడు. డేగ "దాటింది!" అంది. ఉరుము మాత్రం "అమ్మా!" అని తొండం పట్టుకుని కూలబడ్డాడు. లోపల నరం పట్టేసింది.

చిగురు వచ్చి నిలబడింది. ఎర్రగుట్ట జనం ఈలలు వేశారు. గుబురయ్య పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు.

పొలుసయ్య పంజాలు మోకాలి ఎత్తున పెట్టాడు. బంతి నింపాదిగా వచ్చింది. ఉరుము వేగానికి అలవాటుపడ్డ గుబురయ్య తొందరపడి ముందే కర్ర ఊపేశాడు. తప్పిపోయింది. రెండో బంతి వాడికి దూరంగా, హద్దు అంచున వచ్చింది. చెడ్డదనుకుని వదిలేశాడు. అది మంచి బంతే. గుబురయ్య నవ్వు ఆగిపోయింది.

ఇంకొక్కటి తప్పితే చాలు. మైదానంలో చీమ చిటుక్కుమంటే వినబడేలా ఉంది. పొలుసయ్య పంజాలు గుబురయ్య పక్కగా, కర్ర తిరిగే చోటికి బాగా దగ్గరగా పెట్టాడు. అక్కడైతే ఎలుగుబంటి చేతులు చాచి కొట్టలేడు. కానీ కర్ర కొంచెం వెనక్కి తిరిగిందంటే పొలుసయ్య ముక్కు మిగలదు.

చిగురు ఆ పంజాలనే చూసింది. ఇంక దేన్నీ చూడలేదు. విసిరింది.

గుబురయ్య గట్టిగా కర్ర తిప్పాడు. ఆ గాలి పొలుసయ్య ముక్కుకి తగిలింది. ఒళ్లంతా ముడుచుకోమని లాగింది. భయంతో కళ్లు గట్టిగా మూసుకున్నాడు గానీ పంజాలు మాత్రం కదపలేదు. ధప్పుమని ఏదో వచ్చి వాటిలో పడింది. కళ్లు తెరిచి చూస్తే అది బంతి.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నల్లవాగు అడవి దద్దరిల్లిపోయింది. చిగురు పరుగెత్తుకొచ్చి పొలుసయ్యని వాటేసుకుని ఏడ్చేసింది.

మర్నాడు తెల్లవారగానే దుప్పి పిల్లలు మడుగులోకి దిగి, మెరిసే తేట నీళ్లు కడుపునిండా తాగాయి. ఉరుము కూడా వచ్చాడు. తొండం వాచిపోయి, ఒక్క చుక్క కూడా పీల్చుకోలేకపోయాడు. ఎదురుగా మడుగు నిండా నీళ్లున్నాయి, వాడి నోరు ఎండిపోతోంది. చివరికి అందరూ చూస్తుండగానే మోకాళ్ల మీద కూలబడి, పాలు తాగే గున్నలా నోరు నీళ్లలో పెట్టి తాగాడు. ఎవరూ నవ్వలేదు. వాడికి అదే ఎక్కువ బాధగా అనిపించింది.

నీతి: గురి లేని వేగం మనవాళ్లకే ముప్పు తెస్తుంది. ముందు గురి కుదరాలి, తర్వాతే వేగం.