రేడియో పలకని కారు

సిలార్ సాహెబ్‌కు తమ్ముడు మౌలాలి అంటే ప్రాణం. ఆ తమ్ముడితోనే మూడేళ్లుగా మాటల్లేవు. తప్పంతా వాడిదేనని అడిగినవాళ్లకూ చెప్పాడు, అడగనివాళ్లకూ చెప్పాడు. చెప్పగా చెప్పగా మరింత బాగా చెప్పడం వచ్చేసింది.

"అమ్మ ఆస్పత్రిలో ఉంటే ఒక్క రాత్రి వచ్చి కూర్చోలేదు బాబా! ఏంట్రా ఇది అని నిలదీస్తే వాడి నోట ఒక్క మాట లేదు. తప్పు చేసినవాడికి మాటెక్కడిది?"

కంభంలో చిన్న దర్గా చూసుకుంటూ ఉండే దస్తగిరి బాబా సిలార్‌కు గురువు. ఈ కథ ఆయన చాలాసార్లు విన్నాడు. ఈసారీ ఓపిగ్గా విని తలూపాడు.

"ఇవాళ గిద్దలూరులో మీ తమ్ముడి కూతురి నిఖా. దువా చెయ్యమని నాకు కబురొచ్చింది. నీ కారులో నన్ను దించి రా" అన్నాడు.

గురువు నోటి నుంచి మాట వచ్చాక కాదంటాడా పాపం! "వీధి మొదట్లో దించేసి వచ్చేస్తాను బాబా. వాడి గడప మాత్రం తొక్కను" అన్నాడు సిలార్.

కారు బయల్దేరింది. ఊరు దాటాక బాబా, "రేడియో పెట్టు నాయనా. ఈ వేళప్పుడు తత్వాలొస్తాయి" అన్నాడు.

సిలార్ మీట నొక్కాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పాత రేడియో అయితే గరగరమని గోలైనా పెట్టేది. ఇది డిజిటల్ రేడియో. వస్తే తేటగా వస్తుంది, రాకపోతే నోరు మూసుకుని కూర్చుంటుంది.

"రెండు నెలల్నుంచీ ఇదే వరస బాబా. స్టేషన్‌వాళ్లు పాడటం మానేసినట్టున్నారు. మన కారులో తప్పేం లేదు."

దారిలో రైలు గేటు పడింది. సరిగ్గా అలాంటి కారే ఇంకొకటి వచ్చి పక్కన ఆగింది. దాని కిటికీలోంచి తంబూరా, చిడతలు, ఒక ముసలి గొంతు పాడుతున్న తత్వం హాయిగా వినిపిస్తున్నాయి.

సిలార్ మొహం చిన్నబోయింది. మీట మళ్లీ నొక్కాడు. ఊహూఁ.

బాబా ముందద్దానికి అతికించి ఉన్న చిన్న కెమెరా వైపు చూశాడు. "ఈ కన్నేమిటి?"

"కెమెరా బాబా! రోడ్డు మీద జరిగేదంతా తీస్తుంది. ఆమధ్య స్కూటరువాడొకడు వచ్చి గుద్దేసి, తప్పు నాదేనన్నాడు. ఆ మంట మీద పెట్టించాను. ఇక ఎవడు తప్పు చేసినా సాక్ష్యం నా దగ్గరుంటుంది."

"పెట్టి ఎన్నాళ్లయింది?"

"రెండు..." అని సిలార్ ఆగిపోయాడు.

బాబా చెయ్యి చాచి కెమెరా తీగ ఊడబీకాడు.

కాసేపు ఏమీ లేదు. తర్వాత ఈ కారులోనూ తంబూరా మోగింది.

"అరెరె! దీని కరెంటే రేడియోకు అడ్డం పడుతోందన్నమాట!" అని సిలార్ సంబరపడిపోయాడు. అంతలోనే దిగులు పట్టుకుంది. "మరి దారిలో ఎవడైనా గుద్దితే సాక్ష్యం ఎలా బాబా?"

బాబా ఆ తీగను చుట్టి అతని ఒళ్లో పెట్టాడు.

"వాళ్లు రోజూ పాడుతూనే ఉన్నారు నాయనా" అని కళ్లు మూసుకుని పాట వింటూ కూర్చున్నాడు.

గేటు లేచింది. సిలార్ తీగను జేబులో వేసుకుని కారు ముందుకు పోనిచ్చాడు. ఆస్పత్రి మెట్ల మీద మౌలాలి "అన్నా, అది కాదు..." అని మొదలుపెట్టడం, తను వేలెత్తి వాడి నోరు మూయించడం గుర్తొచ్చాయి. ఒక్కసారి కాదు, వాడు నోరు తెరిచిన ప్రతిసారీ. సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది.

గిద్దలూరు వచ్చింది. వీధి మొదట్లో కారు ఆగలేదు. తిన్నగా షామియానా దాకా వెళ్లింది.

మౌలాలి పరుగున వచ్చి బాబాకు చెయ్యి అందించి దించాడు. కారు దిగుతున్న అన్నను చూసి ఉన్నచోటే నిలబడిపోయాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"అన్నా... అమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేను..."

'నాకన్నీ తెలుసులే' అన్న మాట అలవాటుగా సిలార్ నాలుక చివరిదాకా వచ్చేసింది. జేబులో తీగ చేతికి తగిలింది.

"చెప్పరా తమ్ముడూ" అన్నాడు. "వింటున్నా."