తేట నీళ్ల మోరీ

జిలానీకి ఆదోని నుంచి పిలుపొచ్చింది. అక్కడి జనానికి ఒక గురువు కావాలట. లతీఫ్ షా బాబా సరేనంటే చాలు, శుక్రవారమే ప్రయాణం. కర్నూలు పాతబస్తీ దర్గాలో చిన్నప్పటి నుంచీ బాబాని అంటిపెట్టుకుని ఉన్నవాడు, ఆశ ఉండదా మరి.

"నేను పనికొస్తానా బాబా?" అని అడిగాడు.

"నీ కోపానికి జడిసి పిల్లులు కూడా ఈ గడప తొక్కేవి కావు. ఇప్పుడెలా ఉంది?"

"పోయింది బాబా. ఈ మధ్య ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. లోపలంతా తేటగా ఉంది."

"మంచిదే. మరి మోరీ సంగతి?"

దర్గా ముందు బండల కింద వీధి మోరీ ఉంది. ఆ వాడ నీళ్లన్నీ అందులోంచే పోవాలి. వానలకు ముందు బండలెత్తి పూడిక తీయడం శిష్యుల పని. ఈ ఏడు వంతు జిలానీది.

"పొద్దున బండెత్తి చూశాను బాబా. నీళ్లు తేటగా పారుతున్నాయి. తీయడానికేం లేదు."

"ఇంకేం. వజూ తొట్టి కడగాలి, బిరడా లాగెయ్యి."

నమాజుకు ముందు అందరూ కాళ్లూ చేతులూ కడుక్కునే పెద్ద తొట్టి అది. ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా మోరీలోకి పోయాయి. కాసేపటికే బండల సందుల్లోంచి నల్లటి బురద పొంగింది. అడుగున పేరుకున్న బూడిద, జిడ్డు, కుళ్లిన పూలు, అన్నీ పైకొచ్చాయి. ముక్కు పగిలే కంపు. జిలానీ తెల్ల లాల్చీ పాడైంది. ఎదురింటి జైనాబీ గడపలోకీ పారింది.

ఆ ముసలావిడ చీపురు పట్టుకుని బయటికొచ్చింది. "ఏం నాయనా, ఈసారి పూడిక తియ్యలేదా?" అని మెల్లగానే అడిగింది.

అంతే, జిలానీ ముఖం ఎర్రబడింది.

"నీ పొయ్యి బూడిదే కదా ఇదంతా! మోరీలో పోసేది నువ్వు, మాట పడేది నేనా? ఇంత వయసొచ్చింది, సిగ్గుండక్కర్లా?"

వీధంతా వినేట్టు అరిచాడు. జైనాబీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

తన గొంతు తనకే వినబడి జిలానీ ఆగిపోయాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

బాబా అప్పటికే బిందెతో నీళ్లు తెచ్చి జైనాబీ గడప కడుగుతున్నాడు. పని ఆపకుండానే అన్నాడు.

"నువ్వు అబద్ధమేం చెప్పలేదు నాయనా. పొద్దున తేటగానే ఉన్నాయి."

జిలానీ మళ్లీ ఆదోని మాటెత్తలేదు. "తప్పయిపోయింది ఖాలా" అని జైనాబీ కాళ్లకు దణ్ణం పెట్టాడు. లోపలికెళ్లి పార తెచ్చుకుని, మొదటి బండ ఎత్తాడు.